గుండెకు తోడుగా పంపు: ఎల్‌వ్యాడ్‌లో ఏ చిక్కు వీడింది, ఏది మిగిలింది

2025 జనవరి 17న దాత గుండెను హైదరాబాద్ మెట్రోలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 నిమిషాల్లో చేర్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాత శరీరం నుంచి తీసిన గుండెను సాధారణంగా నాలుగు గంటల్లోపు మరో ఛాతీలో అమర్చాలి కనుకే ఆ పరుగు. అయితే దాత దొరకక నెలల తరబడి ఎదురుచూసేవారు, వయసు వల్లనో మరో జబ్బు వల్లనో మార్పిడికి అసలు అర్హతే లేనివారు ఆ వార్తల్లో కనిపించరు. మందులకు లొంగని స్థితికి చేరిన వారి గుండెకు యంత్రాన్ని తోడుగా ఇచ్చి నెలలు, ఏళ్లు నడిపించవచ్చా అన్న ప్రశ్నకు వైద్యం అరవై ఏళ్లుగా సమాధానం వెతుకుతోంది. ఆ సమాధానం పేరు ఎల్‌వ్యాడ్, అంటే ఎడమ జఠరికకు, గుండెలో శరీరమంతటికీ రక్తం పంపే గదికి, సాయంగా నిలిచే పంపు. రక్తాన్ని తోసే యంత్రం చేయడం ఈ కథలో తేలికైన భాగం. ఆ యంత్రాన్ని రక్తం భరించేలా చేయడమే కష్టమైంది.

"పంపింగ్ 25 శాతమే" అన్నప్పుడు

ఎకో పరీక్ష తర్వాత "పంపింగ్ ఇంత శాతం" అని డాక్టరు చెప్పే అంకెను చాలామంది నూటికి వచ్చిన మార్కుల్లా అర్థం చేసుకుంటారు. అది ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత భాగం బయటికి వెళుతుందో చెబుతుంది. నిండినప్పుడు 120 మిల్లీలీటర్లు పట్టే ఆరోగ్యవంతమైన జఠరిక 70 మిల్లీలీటర్లు బయటికి పంపితే అది 58 శాతం. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే మొత్తం ఐదు లీటర్లు. ఇప్పుడు జబ్బుపడి సాగిపోయిన గుండెను తీసుకుందాం. అందులో 240 మిల్లీలీటర్లు పట్టి, 60 మాత్రమే బయటికి వెళితే పంపింగ్ 25 శాతం. కానీ అది నిమిషానికి 84 సార్లు కొట్టుకుంటే మొత్తం మళ్లీ ఐదు లీటర్లే.

ఆ మనిషి కుర్చీలో కూర్చున్నంతసేపు బాగానే ఉండటానికి కారణం ఇదే. మెట్లెక్కేటప్పుడు ఆరోగ్యవంతుడి గుండె ఆ ఐదు లీటర్లను రెట్టింపుకు మించి పెంచగలదు, సాగిన గుండె పెంచలేదు. బయటికి పోని రక్తం వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో పీడనం పెంచుతుంది కనుక ఆయాసం వస్తుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కాళ్లు వాస్తాయి. జబ్బు ఇంకా ముదిరితే విశ్రాంతిలో కూడా ఐదు లీటర్లు అందవు. అది మూడు లీటర్లకు దిగినప్పుడు మూత్రపిండాలు, కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది.

కనుక పంపింగ్ తక్కువగా ఉన్నంత మాత్రాన ఎవరికీ పంపు పెట్టరు. అలాంటివారిలో ఎక్కువమంది మందులతోనూ, అవసరమైతే ప్రత్యేక పేస్‌మేకర్లతోనూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. అవన్నీ వాడాక కూడా పదేపదే ఆసుపత్రిలో చేరుతున్నవారికి, గుండెను బలవంతంగా పనిచేయించే మందును సెలైన్ ద్వారా ఎక్కిస్తూ దాన్ని ఆపలేని స్థితికి వచ్చినవారికి మాత్రమే ఈ చర్చ వర్తిస్తుంది.

గుండెను తీసేయరు

ఎల్‌వ్యాడ్‌ను కృత్రిమ గుండెగా పొరబడటం మామూలే. కృత్రిమ గుండె పెట్టాలంటే రోగి జఠరికలను కోసి తీసేయాలి. ఎల్‌వ్యాడ్‌లో గుండె తన చోటనే ఉంటుంది. దాని కొన దగ్గర చిన్న రంధ్రం చేసి పంపు ముఖద్వారాన్ని లోపలికి అమరుస్తారు. పంపు అక్కడి రక్తాన్ని లాగి, వేలెడు మందం గల కృత్రిమ గొట్టం ద్వారా నేరుగా గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని బృహద్ధమనిలోకి పంపుతుంది. కుడి జఠరిక పని కుడి జఠరికే చూసుకోవాలి. అది కూడా బలహీనంగా ఉంటే ఎడమ పంపుకు అందాల్సిన రక్తమే అందదు, అందుకే ఆపరేషన్‌కు ముందు వైద్యులు కుడివైపును అంత జాగ్రత్తగా పరీక్షిస్తారు.

పంపుకు కరెంటు కావాలి. పొట్ట చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చే ఒక తీగ, అంటే డ్రైవ్‌లైన్, నడుముకు కట్టుకునే కంట్రోలర్‌కు చేరుతుంది. కంట్రోలర్‌కు రెండు బ్యాటరీలు. వాటిని ఎప్పుడూ ఒకదాని తర్వాత ఒకటిగానే మార్చాలి, రెండూ ఒకేసారి తీస్తే పంపు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. రాత్రి నిద్రపోయేటప్పుడు గోడ ప్లగ్గుకు కలుపుకుంటారు. ఇంట్లో కరెంటు ఎంత నమ్మకంగా ఉంటుందో రోగిని ఎంపిక చేసేటప్పుడే ఆరా తీయడం ఇందుకే.

నాలుగు రోజుల నుంచి పదేళ్ల ఆశ దాకా

అమెరికాలోని హ్యూస్టన్‌లో 1963 జులైలో స్టాన్లీ క్రాఫర్డ్, డొమింగో లియోట్టా మొదటిసారి మనిషి ఛాతీలో ఇలాంటి సహాయక పంపును అమర్చారు. గుండె ఆపరేషన్ తర్వాత కుప్పకూలిన ఆ రోగి నాలుగు రోజులకు మరణించాడు. అదే నగరంలో 1966లో మైఖేల్ డిబేకీ శరీరం బయట ఉంచిన పంపుతో ఒక మహిళ గుండెను పది రోజులు ఆదుకున్నారు. ఆ వ్యవధిలో ఆమె గుండె కోలుకుంది, ఆమె ఇంటికి వెళ్లింది. ఈ రెండు సందర్భాల మధ్య, 1964లో, అమెరికా ప్రభుత్వం కృత్రిమ గుండె కార్యక్రమాన్ని ప్రారంభించింది.

అప్పటి దృష్టంతా గుండె మొత్తాన్ని మార్చడం మీదే ఉండేది. 1982 డిసెంబరులో యూటా విశ్వవిద్యాలయంలో బార్నీ క్లార్క్ అనే రోగికి జార్విక్-7 కృత్రిమ గుండె అమర్చినప్పుడు ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఆయన 112 రోజులు జీవించారు, కానీ పక్షవాతం లాంటి దెబ్బలు, ఇన్ఫెక్షన్లు ఆ రోజులను ప్రశాంతంగా సాగనివ్వలేదు. ఆ సందడి లేకుండానే 1984లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు నోవాకోర్ అనే ఎడమవైపు పంపుతో ఒక రోగిని మార్పిడి ఆపరేషన్ దాకా బతికించి తీసుకెళ్లారు. చివరికి విస్తృతంగా నిలిచింది ఈ దారే. గుండెను తీసేయకపోవడం వల్ల పంపు ఆగినా కొంత రక్తం కదులుతుంది, కుడివైపు పని ఉచితంగా దక్కుతుంది.

నునుపు మీద నమ్మకం తప్పిన చోట

రక్తం లోహాన్ని తాకితే గడ్డకట్టడానికి సిద్ధపడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. కనుక లోపలి ఉపరితలం వీలైనంత నునుపుగా ఉండాలని ఇంజినీర్లు చాలాకాలం భావించారు. హార్ట్‌మేట్ అనే పంపు తయారీదారులు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో వెళ్లారు. టైటానియం గది లోపలి గోడలకు సూక్ష్మమైన లోహపు పూసలను అతికించి గరుకు చేశారు. రక్తకణాలు, ప్రొటీన్లు ఆ గరుకుకు పట్టుకుని పలుచని జీవపొరగా ఏర్పడతాయి. ఆ తర్వాత రక్తానికి తగిలేది లోహం కాదు, తన పొరే. ఆ పంపు వాడిన చాలామందికి ఆస్పిరిన్ తప్ప రక్తాన్ని పలుచన చేసే పెద్ద మందులు అవసరం లేకపోవడం ఈ ఆలోచన ఫలితమే. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన మలుపు మరొకటి లేదని నా అభిప్రాయం.

హార్ట్‌మేట్‌కు 1994లో అమెరికాలో, మార్పిడి కోసం ఎదురుచూసేవారికి వాడేందుకు అనుమతి వచ్చింది. కానీ దాని నిర్మాణంలోనే ఒక పరిమితి ఉంది. గుండెలాగే నిండుతూ, నొక్కుతూ పనిచేసే ఈ పంపులో పొర వంగాలి, కవాటాలు తెరుచుకుని మూసుకోవాలి, బేరింగులు కదలాలి. రోజుకు లక్ష చొప్పున ఏడాదికి మూడున్నర కోట్ల కదలికలు. బరువు కిలోకు పైమాటే, పొట్టలో ప్రత్యేకంగా చోటు చేయాలి, చిన్న శరీరం గల స్త్రీలకు చాలావరకు పట్టదు. పక్క గదికి వినిపించేంత చప్పుడు.

2001లో వెలువడిన రీమ్యాచ్ అధ్యయనం ఈ పంపు బలాన్నీ బలహీనతనూ కలిపి చూపింది. మార్పిడికి అర్హత లేని 129 మందిలో 68 మందికి పంపు పెట్టి, 61 మందికి మందులతోనే వైద్యం చేశారు. ఏడాది తర్వాత పంపు వర్గంలో 52 శాతం, మందుల వర్గంలో 25 శాతం బతికి ఉన్నారు. రెండేళ్లకు ఆ అంకెలు 23, 8. మొదటి జంటను మాత్రమే చూస్తే గొప్ప విజయం, రెండో జంటను మాత్రమే చూస్తే నిరాశ. రెండింటినీ కలిపి చదివితే విషయం తేటపడుతుంది: పంపు ప్రాణం నిలుపుతోంది, కానీ పంపు తానే ఎక్కువకాలం నిలవడం లేదు. రెండేళ్లలో పరికరం చెడిపోయే అవకాశం 35 శాతంగా తేలింది.

కొట్టుకోవడం మానేసి తిరగడం

రిచర్డ్ వాంప్లర్ అనే వైద్యుడు 1970ల్లో ఈజిప్టులోని ఒక పల్లెలో, గొట్టంలో తిరిగే మరచుట్టుతో నీళ్లు పైకి ఎక్కించడం చూశారు. రక్తాన్ని కూడా అలా తోడవచ్చు కదా అని ఆయనకు తట్టింది. ఏతంతో నీళ్లు తోడటానికీ, మోటారు పెట్టడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది: మొదటిది దఫదఫాలుగా పోస్తుంది, రెండోది ఎడతెగకుండా పారిస్తుంది. అంత వేగంగా తిరిగే చక్రం రక్తకణాలను పిండి చేస్తుందన్నది అప్పటి నిపుణుల అభ్యంతరం. వాంప్లర్ చేసిన హీమోపంప్ నిమిషానికి 25,000 చుట్లు తిరిగేది. 1988లో హ్యూస్టన్‌లో బడ్ ఫ్రేజియర్ దాన్ని ఒక రోగికి తాత్కాలికంగా వాడినప్పుడు కణాలు పెద్దగా నాశనం కాలేదు. అవి చక్రం పక్కన గడిపే సమయం చాలా తక్కువ కావడం దీనికి ప్రధాన కారణం.

ఆ దారిలో వచ్చిన హార్ట్‌మేట్-2 బరువు మొదటి పంపులో నాలుగో వంతుకు అటూఇటూ. కవాటాలు లేవు, వంగే పొర లేదు, కదిలే భాగం ఒక్కటే, కెంపు రాతి బేరింగుల మీద తిరిగే రోటర్. 2009లో ప్రచురితమైన అధ్యయనంలో పాత పంపుతో పోల్చినప్పుడు రెండేళ్ల మనుగడ 24 శాతం నుంచి 58 శాతానికి పెరిగింది. పాత పంపుకు రీమ్యాచ్‌లో వచ్చిన 23 శాతమే ఇక్కడ కూడా దాదాపుగా మళ్లీ కనిపించింది కాబట్టి, మెరుగుదలలో ఎక్కువ భాగం పంపుదేనని నమ్మవచ్చు. 2010లో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీకి అమర్చింది ఈ పంపే. దాంతో సుమారు 20 నెలలు గడిపి 2012లో ఆయన గుండె మార్పిడి చేయించుకున్నారు.

అయితే లావాదేవీలో మరోవైపు కూడా ఉంది. బేరింగుల చుట్టూ రక్తం చేరి గడ్డకట్టవచ్చు కనుక రక్తాన్ని పలుచన చేసే వార్ఫరిన్ అనే మందు తప్పనిసరైంది. దానితోపాటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షలు వచ్చాయి, విటమిన్-కె మోతాదు మారితే మందు ప్రభావం మారుతుంది కనుక ఒకరోజు గోంగూర, తోటకూర బాగా తిని మరోరోజు మానేయకుండా సమంగా తినాలన్న నియమం వచ్చింది. రోగి మూత్రం ముదురు టీ రంగుకు మారడం, కంట్రోలర్ మీద కరెంటు వాడకం అంకె పెరగడం, ఈ రెండూ పంపులో గడ్డ చేరిందనడానికి నర్సులు వెతికే గుర్తులు. మూడు ఆసుపత్రుల రికార్డులను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక నివేదిక, అమర్చిన మూడు నెలల్లో పంపు గడ్డకట్టే రేటు 2.2 శాతం నుంచి 8.4 శాతానికి పెరిగిందని చూపడంతో ఈ రంగం ఉలిక్కిపడింది.

అయస్కాంతం మీద తేలే చక్రం

బేరింగే గడ్డకు చోటిస్తోందంటే బేరింగునే తీసేయడం తర్వాతి అడుగు. హార్ట్‌మేట్-3లో చక్రం దేన్నీ తాకకుండా అయస్కాంత క్షేత్రంలో తేలుతూ తిరుగుతుంది. దాని చుట్టూ రక్తం పోయే సందులు మునుపటికంటే వెడల్పుగా ఉంటాయి కనుక కణాల మీద ఒరిపిడి తగ్గుతుంది. సుమారు 200 గ్రాముల బరువుతో ఛాతీలోనే ఇముడుతుంది. రెండు సెకన్లకోసారి వేగాన్ని క్షణకాలం మార్చి, రక్తం ఒకేచోట నిలవకుండా లోపలిభాగాన్ని కడుక్కుంటుంది.

1,028 మందితో జరిగిన మొమెంటం-3 అధ్యయనం తుది ఫలితాలు 2019లో వచ్చాయి. ఇక్కడ అంకెలను కాస్త నెమ్మదిగా చదవాలి. వైకల్యం మిగిల్చే పక్షవాతం రాకుండా, పంపు మార్చాల్సిన అవసరం రాకుండా రెండేళ్లు గడిపినవారు కొత్త పంపుతో 76.9 శాతం, హార్ట్‌మేట్-2తో 64.8 శాతం. పంపు మార్పిడి అవసరమైనవారు కొత్తదానితో 2.3 శాతం, పాతదానితో 11.3 శాతం. కానీ రెండేళ్లకు బతికి ఉన్నవారి శాతంలో మాత్రం తేడా స్వల్పమే. అప్పట్లో "ప్రాణాలు ఎక్కువగా కాపాడే పంపు" అని రాసినవారు అధ్యయనం చెప్పినదానికంటే ఒకడుగు ముందుకు వెళ్లారు. ఐదేళ్ల లెక్క 2022లో వచ్చినప్పుడు ఆ తేడా కూడా బయటపడింది: కొత్త పంపుతో 58.4 శాతం, పాతదానితో 43.7 శాతం మంది సజీవంగా ఉన్నారు.

ఇదే కాలంలో వచ్చిన మరో చిన్న పంపు, హార్ట్‌వేర్ సంస్థ చేసిన హెచ్‌వ్యాడ్, మరో ముగింపుకు చేరింది. ఇందులో చక్రం కొంత అయస్కాంతబలంతో, కొంత రక్తపు పలుచని పొర మీద తేలేది. పక్షవాతం లాంటి మెదడు సంబంధ ప్రమాదాలు, మరణాలు పోటీ పంపుతో పోలిస్తే ఎక్కువగా కనిపించడం, ఆగిన పంపు కొన్నిసార్లు తిరిగి మొదలుకాకపోవడం వల్ల హార్ట్‌వేర్‌ను కొనుగోలు చేసిన మెడ్‌ట్రానిక్ సంస్థ 2021 జూన్‌లో దాని అమ్మకం ఆపేసింది. అప్పటికే అది ఛాతీలో ఉన్న వేలమందికి దాన్ని తీయించుకోమని సాధారణ సలహా ఇవ్వలేదు, తీసే ఆపరేషన్‌లోనే ప్రమాదం ఎక్కువ కనుక.

నాడి దొరకని మనిషి: రెండు వాదనలు

ఎడతెగని ప్రవాహం వల్ల ఈ రోగుల్లో చాలామందికి మణికట్టు దగ్గర నాడి తెలియదు. మామూలు బీపీ యంత్రం తరచూ అంకె చూపదు, డాప్లర్ పరికరంతో చప్పుడు విని కొలవాలి. ఎల్‌వ్యాడ్ గురించి తెలియని అంబులెన్స్ సిబ్బంది మాట్లాడుతున్న మనిషికి నాడి లేదని కంగారుపడే పరిస్థితి నిజంగా ఉంటుంది. దీర్ఘకాలంలో నాడి అవసరమా కాదా అన్నదే ఈ రంగంలో తెగని చర్చ.

అవసరమనే వాదన పేగుల్లోని రక్తస్రావాన్ని చూపుతుంది. నాడి లేని ప్రసరణలో పేగు గోడల్లో పెళుసైన చిన్న రక్తనాళాలు పుట్టి చిట్లుతున్నాయని, బృహద్ధమని కవాటం సరిగా తెరుచుకోక కాలక్రమంలో లీకవుతోందని దీని సారాంశం. అవతలి వాదన ప్రకారం అసలు దోషి ఒరిపిడి. గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అతికించే వాన్ విల్లెబ్రాండ్ ప్రొటీన్ పొడవాటి గొలుసులు పంపులో తెగిపోవడం వల్లే రక్తం ఆగడం లేదు, కనుక ఒరిపిడి తగ్గిస్తే చాలు, నాడిని తెచ్చిపెట్టనక్కర్లేదు.

2023లో వెలువడిన ఏరీస్ అధ్యయనం ఈ చర్చను మరో వైపు నుంచి కదిపింది. హార్ట్‌మేట్-3 అమర్చిన 628 మందిలో వార్ఫరిన్ లాంటి మందును కొనసాగిస్తూ సగంమందికి ఆస్పిరిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఆస్పిరిన్ లేనివారిలో రక్తస్రావం 34 శాతం తగ్గింది, గడ్డలు పెరగలేదు. అంటే దశాబ్దాలుగా పంపు ఖాతాలో రాసిన రక్తస్రావంలో కొంత, అలవాటుగా ఇస్తూ వచ్చిన మాత్రది. నాడి వాదన దీంతో వీగిపోలేదు, ఎందుకంటే ఆస్పిరిన్ మానినవారిలో కూడా రక్తస్రావం పూర్తిగా ఆగలేదు, కవాటం లీకుకూ ఆస్పిరిన్‌కూ సంబంధం లేదు. నాకు మాత్రం ఒరిపిడి వాదనే ఎక్కువ బలంగా కనిపిస్తుంది. నాడిని పెద్దగా తిరిగి తేకుండానే కొత్త పంపు ఇబ్బందులను తగ్గించగలిగింది.

మజిలీయా, గమ్యమా

మార్పిడి దాకా బతికించడానికి పంపు పెడితే అది మజిలీ, జీవితాంతం అదే అయితే గమ్యం. ఒకే పంపు, ఉద్దేశం వేరు. 2018లో అమెరికా దాత గుండెల కేటాయింపు నియమాలను మార్చి, ఆసుపత్రిలో తాత్కాలిక యంత్రాల మీద ఉన్నవారికి ముందు వరుస ఇచ్చింది. ఎల్‌వ్యాడ్‌తో ఇంట్లో నిలకడగా ఉన్నవారు వెనక్కి జరిగారు. ఆ తర్వాత అక్కడ ఎల్‌వ్యాడ్‌లు అత్యధికంగా శాశ్వత వైద్యంగానే అమరుతున్నాయి. ఇది న్యాయమేనని, నిలకడగా ఉన్నవారు ఆగగలరని ఒక పక్షం అంటుంది. పంపు పెట్టించుకున్నందుకు మార్పిడి అవకాశం దూరమవుతుందన్న భయంతో వైద్యులు దాన్ని సమయానికి సూచించడం లేదని, రోగి మరీ నీరసించాక పెడితే ఫలితం బాగుండదని రెండో పక్షం అంటుంది. జీవితాంతపు పంపుకు మరో ప్రశ్న కూడా తోడైంది: క్యాన్సరో మరో జబ్బో మనిషిని చివరి దశకు తెచ్చినప్పుడు పంపును ఎవరు, ఎప్పుడు ఆపాలి? 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్, శాశ్వత పంపు పెట్టే ప్రతి బృందంలో ఉపశమన వైద్యనిపుణుడు ఉండాలని నియమం పెట్టడం ఆ సంభాషణను ఆపరేషన్‌కు ముందే జరిపించడానికే.

మన దేశంలో ఈ చర్చ ధర దగ్గరే ఆగిపోతుంది. దిగుమతి అయ్యే పంపు ఒక్కటే అరకోటి రూపాయలు దాటుతుంది, ఆపరేషన్, జీవితాంతపు మందులు, బ్యాటరీలు వేరు. దానికితోడు డ్రైవ్‌లైన్ దగ్గర చీము పట్టిందేమో చూడగల, ఐఎన్ఆర్‌ను అదుపులో ఉంచగల వైద్యం ఇంటికి దగ్గర్లో ఉండాలి. చెన్నై, హైదరాబాద్ లాంటి నగరాలకు దూరంగా ఉండే కుటుంబానికి పంపు ధర కంటే ఇదే పెద్ద అడ్డంకి కావచ్చు. ఖర్చు తగ్గించే లక్ష్యంతో ఐఐటీ కాన్పూర్ హృదయంత్ర పేరుతో దేశీయ పంపును అభివృద్ధి చేస్తోంది.

మిగిలిన తీగ

గడ్డలు తగ్గిన తర్వాత ఇప్పుడు అందరి చూపు డ్రైవ్‌లైన్ మీద పడింది. చర్మం గుండా వచ్చే తీగ ఉన్నంతకాలం ఆ గాయం పూర్తిగా మానదు. రోజూ శుభ్రంగా కట్టు మార్చాలి, చెరువులోనో కాలువలోనో మునిగి ఈదకూడదు, తీగ దేనికైనా తగిలి లాగినా ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. అది లోపలికి పాకి పంపును చేరితే యాంటీబయాటిక్‌లతో పూర్తిగా నయం చేయడం కష్టం.

చర్మానికి ఇటొక తీగచుట్టు, అటొక తీగచుట్టు ఉంచి వైరు లేకుండా కరెంటు పంపే ప్రయత్నం కొత్తదేమీ కాదు. జర్మనీలో 1999లోనే లయన్‌హార్ట్ అనే పంపును ఇలా పూర్తిగా లోపల అమర్చారు. దాని పరిమాణం పెద్దది, వాడకం ముందుకు సాగలేదు. 2018లో కజకిస్తాన్‌లోని అస్తానాలో జార్విక్ 2000 పంపుకు ఛాతీ చుట్టూ కట్టుకునే పట్టీతో కరెంటు అందించి, రోగులు రోజులో కొన్ని గంటలు తీగ లేకుండా ఉండేలా చేశారు. ఇక్కడ తేలాల్సినవి మూడు: చుట్టులు పక్కకు జరిగినా సరఫరా తెగకూడదు, వాటి వేడికి చర్మం కాలకూడదు, లోపలి బ్యాటరీ, కంట్రోలర్ ఏళ్ల తరబడి చెడిపోకూడదు. ఈ చివరిదే గట్టి అభ్యంతరం, ఎందుకంటే నేడు నడుముకు కట్టుకున్న కంట్రోలర్ చెడితే రోగి ఇంట్లోనే మరోటి తగిలించుకుంటాడు, అదే లోపలిది చెడితే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి.